మాత్ర ఇవ్వని ఆదివారం

ఫార్మసిస్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్నామధ్య మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన మందు ఏది?" అని అడిగారు. పాముకాటు మందు గురించో, తుపాను రోజుల్లో ఎక్కించిన సెలైన్ల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం ఇవ్వని మందు గుర్తొచ్చింది. సర్వీసంతా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మాత్రలు పంచినవాణ్ణి, ఒక్క మాత్ర ఇవ్వకుండా ఉండడానికి ఒక ఆదివారం పడ్డ పాట్లు ఇంకెప్పుడూ పడలేదు. చెబుతాను వినండి. మధ్యలో ఫోన్లు చూసుకోకండి. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, రిటైరయ్యాక కూడా అది అక్కణ్ణించి దిగలేదు.

నా చివరి పోస్టింగు కళింగపట్నం వైపు ఓ సముద్రపొడ్డు ఊరి ఆస్పత్రిలో. మాది నరసన్నపేట. మా ఇంట్లో చేప పేరెత్తరు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఎండుచేపల నడుమ పడేశారు. బస్సు దిగితే వాసన, కిటికీ తెరిస్తే వాసన, అన్నం కలుపుకుంటే కూడా అదే వాసన. మొదట్లో జేబురుమాలు ముక్కు నుంచి తీసేవాణ్ణి కాదు. ఎవరైనా అడిగితే జలుబు అనేవాణ్ణి. "పాపం, మాత్రల బాబుకి జలుబు తగ్గనేదు" అని ఊరంతా జాలిపడేది. ఊళ్ళోనే ఓ గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు మాత్రం ఇంటికి పారిపోయేవాణ్ణి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. భోగాపురం దగ్గరి అమ్మాయి, మా అమ్మాయి కన్నా వయసులో తక్కువ. ఆమెకి ఒక అలవాటుంది. రోగం ఏమిటో, మందు ఎందుకో రోగికి అర్థమయ్యేదాకా చీటీ రాయదు. బొమ్మలు గీస్తుంది, మళ్ళీ అడుగుతుంది, తప్పు చెబితే మళ్ళీ గీస్తుంది. "మేడమ్, బయట క్యూ గేటు దాటింది" అని నేను విసుక్కుంటే, "దాటనివ్వండి. అర్థం కాని మందు సగమే పనిచేస్తుంది" అనేది. నేను పళ్ళు నూరుకునేవాణ్ణి. కానీ నిజం చెప్పాలి కదా, కిటికీ పక్కన నిలబడి ఆమె పాఠాలు అందరికన్నా ఎక్కువ విన్నది నేనే. ఇన్నేళ్ళూ నేను పంచిన మాత్రలు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయో నాకు సరిగ్గా తెలిసింది ఆ పిల్ల వచ్చాకే.

ఇక ఆ ఊరి సంగతి. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఇసుక ఉంటుంది. అందులో ఇంటికో జాగా. వాళ్ళు దాన్ని 'సోటు' అంటారు. కాగితం లేదు, గట్టు లేదు, అయినా ఎవరి సోటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో పసిపిల్లలకి కూడా తెలుసు. దానికో కట్టుబాటుంది. పొద్దు ఉన్నంతసేపూ పరిచిన చేపల దగ్గర ఆ ఇంటి మనిషి ఉండాలి. చేపల్ని అలా వదిలేసి పోతే, పక్కావిడ తన గంప జరుపుకోవచ్చు. జరిపిందంటే ఆ సీజనంతా సోటు ఆమెదే. పోగొట్టుకున్నవాళ్ళు గట్టు మీద గడ్డిలో ఆరబెట్టుకోవాల్సిందే, అక్కడ చేప సగం కుళ్ళుతుంది.

ఆ ఇసుక పక్కనే ఒక పెద్దావిడ టీ దుకాణం. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ ఆవిణ్ణి అప్ప అనే పిలుస్తారు, అంటే అక్క అని. గాజు జాడీల్లో బిస్కెట్లు, రొట్టెలు, వాటి పక్కన ఇంకో జాడీలో తలనొప్పి మాత్రలు. అక్కడి ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి, ఏమీ తినకుండా, ఇసుక మీద మెరిసే ఎండలో కూచుంటారు. తల పట్టేస్తుంది. అంచేత అందరూ టీతో బిస్కెట్టు తిన్నట్టు ఆ ఊళ్ళో టీతో మాత్ర వేసుకునేవారు. ఎవరూ దాన్ని మందనుకోలేదు. టీ అంటే మాత్రతో కలిపే టీ.

అప్పకి ఒక్కడే కొడుకు, వాడు వేటకెళ్తాడు. ఆడపిల్లలు లేరు. అందుకేనేమో కోడలంటే ప్రాణం. అత్తా కోడళ్ళు పొద్దున్నే పోట్లాడుకుంటే ఊరు లేచేది, అంత గట్టి ప్రేమ. కోడలికి పార్శ్వపు నొప్పి. మీ పుస్తకాల్లో మైగ్రేన్ అని ఉంటుంది. పెళ్ళికి ముందు నుంచీ ఎప్పుడో ఓసారి వచ్చేదట. అత్త దాన్ని చూడలేక నొప్పి రాకముందే మాత్ర ఇవ్వడం మొదలుపెట్టింది. "ముందే ఏసెయ్యి అమ్మీ, అది రాకుండా ఎల్పోతాది" అని టీ గ్లాసు మీద మాత్ర పెట్టి అందించేది. ప్రతిరోజూ, పొద్దున ఒకటి, ఎండెక్కాక ఇంకోటి, ఆ తర్వాత టీ తాగినప్పుడల్లా ఒకటి. కన్నతల్లి కూడా అంత శ్రద్ధగా ఇవ్వదు.

నొప్పి తగ్గలేదు సరికదా, రోజూ రావడం మొదలైంది. చివరికి కోడలు డాక్టరమ్మ ముందు కూచుంది, పక్కన అత్త. ఎడమ కన్ను వెనక పోట్లు, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు. డాక్టరమ్మ బీపీ చూసింది, కళ్ళలోకి లైటు వేసి చూసింది, చేతులు పైకెత్తమంది, నడిపించింది. అన్నీ చూశాక, "రోజుకి మాత్రలు ఎన్ని?" అని అడిగింది.

"లెక్కెవులెట్టారమ్మా! టీలు ఎన్నో అవీ అన్నే" అంది కోడలు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఇక పాఠం మొదలవుతుందని నాకు తెలిసిపోయింది.

"నరాలు ఒకదానితో ఒకటి రసాయనాలతో మాట్లాడుకుంటాయమ్మా. ఒక నరం చివర చుక్కలో చుక్కంత వదుల్తుంది, పక్క నరం అందుకుంటుంది. మనకి నొప్పి తెలిసేది అలాగే. మొహం నుంచీ, మెదడు మీది పొర నుంచీ కబుర్లు మోసే పెద్ద నరం ఒకటుంది. నీలాంటివాళ్ళలో అది బెదురు నరం. ఎండ, వాసన, ఆకలి, నిద్ర చాలకపోవడం, ఏది తగిలినా నొప్పి కబురు మోసే రసాయనాన్ని గుప్పున వదిలేస్తుంది. దాంతో అక్కడి రక్తనాళాలు ఉబ్బుతాయి. అది చూసి నరం ఇంకా బెదిరి ఇంకాస్త వదుల్తుంది."

"అంటే దెబ్బ తగలకుండానే ఏడుపా అమ్మా?"

"అవును. కానీ ఏడుపు దొంగది కాదు. నొప్పి నిజమే."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నిజవేనని ఇంతదాకా ఎవులూ అన్నేదమ్మా. పనికి ఎగనామం ఎట్టడానికి ఏసాలేస్తందంతారు."

అలాంటి వాళ్ళకి కిటికీలోంచి మాత్రలు విసిరినంత పని చేసినవాణ్ణి నేను, ఎవరికీ ఆ ఒక్క మాట చెప్పలేదు.

తర్వాత డాక్టరమ్మ అసలు సంగతికొచ్చింది. తలనొప్పి మాత్ర ఎప్పుడో ఓసారైతే మంచిదే. రోజూ పడితే నరం దానికి అలవాటైపోతుంది. మాత్ర బలం దిగే వేళకి నొప్పిని తనే లేపుతుంది. ఇప్పుడొచ్చే నొప్పుల్లో చాలా భాగం మాత్ర తెచ్చిన నొప్పులే. కాబట్టి ఆ మాత్రలు మొత్తం ఆపాలి. బెదురు తగ్గడానికి రాత్రిపూట వేసుకునే మందు వేరే ఇస్తానంది. అయితే ఆపిన మొదటి రోజుల్లో నొప్పి ఇదివరకెప్పుడూ రానంతగా వస్తుంది. ఓర్చుకుంటే తగ్గుతుంది.

అప్పకి ఇది ససేమిరా ఎక్కలేదు. "మాత్రేస్తే నొప్పి పోతాది గానీ, మాత్రేస్తే నొప్పొస్తాదా? ఇదేటి సదువమ్మా!" అంది. కోడలే ఆమె చెయ్యి పట్టుకుని, "సూద్దావత్తా. నెత్తళ్ళ సేపల సీజనొచ్చేసింది. ఇలాగే ఉంటే సోటు కాడ నాను కూకోనేను. సోటు పోతాది" అంది. అప్ప నా వైపు తిరిగి, "బాబూ, దీనికేటైనా అయితే నీ కిటికీ పీకేస్తాను" అని నాకు వార్నింగు ఇచ్చింది. రాసింది డాక్టరమ్మ, పీకేది నా కిటికీ.

పిల్లలూ, ఇక్కడ ఒక్కమాట. ఇది విని ఎవరికి వారు మందులు ఆపేయకండి, ఆపించకండి. ఆ పని డాక్టరు కనిపెట్టి ఉండి చేయించాలి. ఆ రసాయనాన్నే నేరుగా అడ్డుకునే మందులు ఇప్పుడు పెద్ద ఊళ్ళలో వచ్చాయని వింటున్నాను. మా బీరువాలో అప్పుడు అవి లేవు.

మాత్రల జాడీ ఖాళీ చేశారు. మూడు రోజులు కోడలు మూలుగుతూనే సోటు దగ్గర కూచుంది. నాలుగో రోజు ఆదివారం. నేను సంచి పట్టుకుని నరసన్నపేట బస్సు కోసం నిలబడ్డాను. అప్ప జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏటి బాబూ, ఊరెల్పోతన్నావా? నా కోడలు గోడకేసి తల కొట్టుకుంతన్నాది, నువ్వు సంచట్టుకుని సికారెల్తన్నావా? ఒక్క మాత్రియ్యి. ఒక్కటే. డాక్టరమ్మకి సెప్పన్లే."

"ఇవ్వను అప్పా."

"నువ్వు మనిసివా, మాత్రల డబ్బావా? నీకు జాలి నేదా?"

జాలి ఉంది కాబట్టే సంచి కింద పెట్టాను. డాక్టరమ్మకి ఫోను చేశాను. ఇంటికెళ్ళిందామె. జ్వరం ఉందా, మాట తడబడుతోందా, చెయ్యీ కాలూ పట్టు తప్పాయా అని ఒక్కొక్కటే అడిగింది. అప్ప అన్నిటికీ నేదు, నేదు అంది. "అయితే ఇది మనం అనుకున్న నొప్పే. వాంతికి మందివ్వండి. నీళ్ళు తాగించండి, చీకట్లో పడుకోబెట్టండి. ఇవాళ గడిస్తే గండం గడిచినట్టే. ఇప్పుడు ఆ మాత్ర పడిందంటే పాపం, పడ్డ బాధంతా మొదటికొస్తుంది. నేను బయల్దేరి వస్తున్నా" అంది. బస్సు వచ్చింది, పోయింది. నేను ఆస్పత్రి తెరిచి వాంతి మందు తీసుకుని అప్ప వెంట నడిచాను.

వాళ్ళ ఇల్లు ఇసుక మీదికే ఉంటుంది, అరిస్తే వినబడేంత దూరంలో. లోపల కోడలు తలకి తువ్వాలు బిగించి కట్టుకుని లేవబోతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తా, సోటు కాడ ఎవులున్నారు? తెల్లారే పరిసేసినావు గదా, ఎవులూ నేరా? పక్క సోటావిడ గంప జరిపేస్తాది. మాత్రిచ్చెయ్యి, నానెల్లి కూకుంతాను."

భర్త వేటలో ఉన్నాడు. అత్త ఇక్కడుంటే సోటు పోతుంది, అక్కడుంటే కోడలు ఒంటరిది. కోడలు వెళ్ళాలంటే మాత్ర పడాలి. నా నోరు ఎప్పుడూ నా బుద్ధికన్నా ముందు నడుస్తుంది.

"అప్పా, నువ్వు దాని దగ్గరుండు. సోటు దగ్గర నేను కూచుంటాను."

అంత నొప్పిలోనూ కోడలు ఒక కన్ను తెరిచి చూసింది. అప్ప అయితే నోరు తెరిచింది. "నువ్వా? సేప వాసనకి ముక్కు మూసుకు తిరిగేవోడివి, నువ్వా?"

జలుబు కాదని ఊరందరికీ మొదటి నుంచీ తెలుసన్నమాట!

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాను. "అప్పా, నీ రొంటినున్నది నాకిచ్చెయ్యి."

"ఏటున్నాది? ఆకూ వక్కా."

ఆకూ వక్కా అలా తళతళ మెరవవు. జాడీ ఖాళీ చేసేటప్పుడే దాచుకున్న మాత్రల షీటు అంచు చీర కుచ్చిళ్ళ పక్కన కనబడుతూనే ఉంది; నన్నడిగింది నా చేత్తో ఇప్పించడానికే. ఆమె చేత్తో కప్పుకుంది. లాక్కోలేను కదా. అదే భయం గుండెలో పెట్టుకుని ఇసుకలోకి దిగాను.

పక్కావిడ అప్పటికే గంప ఎత్తి నిలబడింది. "సోటు కాడ ఇంటి మనిసే ఉండాల బాబూ. నువ్వు ఆలింటికి ఏటవుతావు?"

"తమ్ముణ్ణి" అన్నాను.

ఇసుకంతా ఒకటే నవ్వు. ఒకామె అక్కణ్ణించే ఇంటివైపు కేకేసింది. "అప్పా! మాత్రల బాబు నీ తమ్ముడంట, నిజవేనా?"

లోపలి నుంచి కేక తిరిగొచ్చింది. "అవునే! నా తమ్ముడే! ఆణ్ణి అక్కణ్ణించి కదిపి సూడండి!"

పక్కావిడ గంప దించుకుంది. నేను నెత్తిన తువ్వాలు వేసుకుని, కర్ర పట్టుకుని, నెత్తళ్ళ ముందు కూచున్నాను. ప్రభుత్వ ఫార్మసిస్టుని, గెజిటెడు ఆఫీసరు వస్తే తప్ప కుర్చీలోంచి లేవనివాణ్ణి, కాకుల్ని హుష్ హుష్ అని తోలుతున్నాను. వాసన సంగతి అడక్కండి. కాసేపటికి ముక్కు చేతులెత్తేసింది.

కాకులతో నెగ్గుకొచ్చాను. చిక్కంతా కుక్కతో వచ్చింది. ఎముకలు తేలిన కుక్క ఒకటి వచ్చి నా ఎదురుగా కూచుని అరవడం మొదలుపెట్టింది. కర్ర చూపిస్తే రెండడుగులు వెనక్కేసి మరీ అరుస్తుంది. పైన ఎండ, చెవుల్లో ఆ అరుపు, మనసంతా ఆ ఇంటి గుమ్మం మీద. నా తల కూడా దిమ్మెక్కిపోయింది. ఎవరూ చూడకుండా గుప్పెడు నెత్తళ్ళు తీసి దూరంగా విసిరాను. కుక్క నోరు మూసింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

ఆ గుప్పెడు అయిపోగానే మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా అరిచింది. మళ్ళీ విసిరాను. ఆ తర్వాత ఊళ్ళో ఉన్న కుక్కలన్నీ వచ్చాయి. నాలుగువైపులా మొరుగుడు. ఒకటి నెత్తళ్ళ మీదికే నడిచొచ్చింది. నేను ఒక కాలికి చెప్పు లేకుండా కర్ర ఊపుకుంటూ చుట్టూ పరిగెడుతుంటే ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

అప్పుడే ఇంట్లోంచి అప్ప రావడం కనబడింది. కోడల్ని వదిలి వచ్చిందంటే మాత్ర ఇచ్చేసి ఉంటుంది, అది నిద్రపోయి ఉంటుంది, అంతా అయిపోయింది అనుకున్నాను. ఆమె ముందు కుక్కల మీద పడింది. ఆ గొంతుకి మొదటి కుక్క తప్ప అన్నీ పారిపోయాయి. తర్వాత నా మీద పడింది.

"ఎవులెట్టారు దీనికి సేప?"

"నేనే అప్పా. అరుపు మానుతుందని."

"ఓరి నీ తెలివి తగలెయ్య! కుక్కకి ఎవుడైనా సేప రుసి సూపిస్తాడా? ఓపాలి ఎట్టినావంటే ఇంక దొంగొచ్చినా రాకపోయినా సేప కోసవే అరుస్తాది! నువ్వు అరుపు మాన్పినావనుకుంతన్నావు, అరుపు నేర్పినావు!"

నేను ఊపుతున్న కర్ర దించేశాను.

"అప్పా, డాక్టరమ్మ చెప్పింది ఇదే. దాని తలలో నరమే ఈ కుక్క. నువ్విచ్చే మాత్రే ఈ చేప."

ఆమె చెయ్యి రొంటి మీదికి పోయింది. "నాను పేమతో ఇచ్చినాను బాబూ" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నేను మాత్రం కుక్క మీద పగతో వేశానా?"

ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "రెండుపాల్లు సెయ్యట్టుకుని అడిగింది. ఇవ్వనేదు. మూడోపాలి అడిగితే తట్టుకోనేను. నీకు సెప్పేసి ఇచ్చేద్దావనే వొచ్చినాను." రొంటిలోంచి షీటు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంద. నా కాడుంటే ఇచ్చేస్తాను."

ఇంకా ఇవ్వలేదన్నమాట! ఆ షీటు జేబులో వేసుకుని నేను కూడా ఏడ్చాను, ఎండకి కళ్ళు మండుతున్నాయని చెప్పాను. జలుబు తర్వాత ఇది రెండో అబద్ధం, ఇదీ ఎవరూ నమ్మి ఉండరు.

"మరి ఈ కుక్కనేం చెయ్యను అప్పా?"

"ఏటీ సెయ్యకు. అరవనీ. గొంతు నొప్పెట్టి అదే పోతాది. నువ్వు మాత్రం సెయ్యి సాపకు."

ఆమె కోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. కుక్క అరిచింది. నా మొహంలోకి చూసి అరిచింది, కాళ్ళ దగ్గరికొచ్చి అరిచింది, మధ్యలో ఆగి నేను కరిగానేమో చూసి మళ్ళీ అరిచింది. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. పొద్దు వాలే వేళకి దానికి విసుగొచ్చి, పడవ నీడలోకి పోయి పడుకుంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ముందు ఇంట్లోకి వెళ్ళి, తర్వాత ఇసుకలోకి వచ్చి నన్ను చూసి ఆగకుండా నవ్వింది. చెప్పులు విప్పి నా పక్కనే కూచుంది. "నిద్రపోయిందండీ. మాత్ర లేకుండా నిద్రపోయింది. అత్తగారు తల ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూచున్నారు" అంది. తర్వాత కుక్క కథంతా చెప్పించుకుంది. ఆ తర్వాతి రోజు నుంచీ ఎవరికి పార్శ్వపు నొప్పి గురించి చెప్పినా నరం బొమ్మ పక్కన కుక్క బొమ్మ కూడా గీసేది. ఆ కుక్కకి ఎదురుగా తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన ఉంటాడు. నాకేమీ సంబంధం లేదని అందరికీ చెప్పేవాణ్ణి.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, పోయే జబ్బు కాదది. కానీ రోజూ వచ్చేది ఎప్పుడో ఓసారి వచ్చేదిగా మారింది. వచ్చినప్పుడు కోడలు సిగ్గుపడకుండా, "ఇయ్యాల నా కుక్క లేచింది" అని చెప్పి చీకట్లో పడుకునేది. ఆ పూట ఎవరో ఒకరు సోటు కాసేవారు. పక్కావిడ కూడా ఓసారి కాసిందని విన్నాను. టీ దుకాణంలో మాత్రల జాడీ ఉన్నచోట అప్ప వేరుశెనగ ఉండలు పెట్టింది. ఖాళీ కడుపుతో వచ్చిన ఆడదానికి ఉండ చేతిలో పెట్టకుండా టీ పోసేది కాదు.

నా రిటైర్మెంటు ఆ ఊళ్ళోనే అయింది. పొద్దుట్నుంచీ దండలు, శాలువాలు, ఉపన్యాసాలు. మైకు కుయ్యిమంటోంది, తిండి లేదు, మల్లెపూల ఘాటు. మీటింగు అయ్యేసరికి తల పగిలిపోతోంది. ఎవరికీ చెప్పకుండా టీ దుకాణం వైపు నడిచాను. అత్తా కోడళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.

"అప్పా, ఎక్కడైనా ఒక మాత్ర దాచి ఉంచావా?"

కోడలు ఫక్కున నవ్వింది. అప్ప నవ్వలేదు. నా మెళ్ళోంచి దండ తీసి కొక్కేనికి తగిలించింది. ఒక ఉండ చేతిలో పెట్టింది. నీడలోకి బల్ల లాగి, తన తువ్వాలు మడిచి తలగడగా వేసింది.

"మాత్రా నేదు, గీత్రా నేదు. నౌకరీ అయిపోనాది గానీ, ఇక్కడ నీ సోటు ఎక్కడికీ పోనేదు. కళ్ళు మూసుకు తొంగో తమ్ముడా. కాకుల్ని నాను తోల్తాను."